అత్త ఎత్తుకున్న సగం పాట

పోయిన వారం మా గ్రంథాలయానికి కొల్లాపూర్ నుంచి డిగ్రీ చదివే అమ్మాయి ఒకతె వచ్చింది. కృష్ణలో చేపలు పట్టేవాళ్ల మాటలు, తెడ్ల చప్పుళ్లు రికార్డు చేసి కాలేజీలో ఇవ్వాలట. "అక్కా, మీ దగ్గర రికార్డర్ ఉందంట గద. నేనేది కొనాలె? ఫోను సాలదా?" అని అడిగింది. నేను పని చేసేది నాగర్‌కర్నూల్‌లో ఒక చిన్న కాలేజీ గ్రంథాలయంలో. పుస్తకం అడిగితే లేచి తెచ్చిస్తాను. అంతకు మించి మాట్లాడాల్సి వస్తే అరచేతులు చెమట పడతాయి. ఆ అమ్మాయికి కూడా "ఫోను వద్దు, గాలికి టోపీ ఉన్నది తీసుకో" అని మాత్రం చెప్పి పంపించేశాను. గదికి వచ్చి డైరీ తెరిచాక, చెప్పాల్సినవన్నీ అప్పుడు వచ్చాయి. ఆ ప్రశ్నకు నేను ఒక్క మనిషి కోసం, ఒక్కసారే జవాబు వెతికాను. తప్పు జరిగితే దిద్దుకునే వీలు లేని వెతుకులాట అది. ఆ అమ్మాయికి చెప్పలేనిది ఇక్కడ రాసుకుంటున్నాను.

మా మేనత్త పేరు జములమ్మ, మా నాయినకు అక్క. ఊరు మల్దకల్ అవతల, కాలువ నీళ్లు పారే ఒక పల్లె. నాకు ఊహ తెలిసేసరికి అమ్మా నాయినా పుణెలో బిల్డింగుల పనికి పోయి ఉన్నారు. ఎప్పుడో ఒకసారి వచ్చి, నన్ను చూసి, కొత్తవాళ్లలా సిగ్గుపడి, మళ్లీ బస్సెక్కేవాళ్లు. నేను అత్త దగ్గరే పెరిగాను. మామ నేను పుట్టకముందే పోయాడు, ఆమెకు పిల్లలు లేరు. ఇంట్లో ఉన్నది ఇద్దరమే అయినా ఆ ఇల్లు ఎప్పుడూ నిశ్శబ్దంగా ఉన్నట్టు నాకు గుర్తు లేదు. తెల్లవారుతుంటే ముందు అత్త గొంతు సవరించుకునే చప్పుడు, తర్వాత పొయ్యిలో వేరుశెనగ పొట్టు చిటపటలు, ఆ పొగ వాసనలోంచి జొన్నరొట్టె తట్టే చప్పుడు వచ్చేవి. ఒక చేత్తో రొట్టె తిప్పుతూనే మొహం వాకిలి వైపు పెట్టి, తన నాట్ల గుంపులోని ఆడవాళ్లను ఒక్కొక్కరినీ పేరు పెట్టి కేకేసేది. "ఓ తిమ్మక్కా! నీ మొగన్ని లేపి, బువ్వ వెట్టి, మల్ల పండవెట్టి వస్తవా యేంది?" అంటే వీధి వీధంతా నవ్వేది. తిమ్మక్క మా పక్కింటామె, అత్త ఈడుదే. ఆమె కూడా తక్కువ తినలేదు. గోడ అవతలి నుంచే ఏదో ఒకటి అనేది. అలా గుంపంతా పోగయ్యేది. అప్పట్లో వాళ్లెవరి దగ్గరా ఫోన్లు లేవు, అత్త కేకే గడియారం.

నేను మాట్లాడని పిల్లను. దుకాణంలో బెల్లం అడగాలన్నా, బడిలో నా పలక ఎవరు తీసుకున్నారో చెప్పాలన్నా నా నాలుక లేచేది కాదు. అత్త నా చేయి పట్టుకుని వచ్చి, నా మొహం చూసి, నేను అనాల్సిన మాట తనే అనేసేది. "మా పిల్లకు పెన్సిల్ కావాలె. మొన గట్టిగుండాలె. పోయినసారి ఇచ్చినది అత్తెసరు సరుకు." నేను పక్కన నిలబడి తల ఊపేదాన్ని. నా చిన్నతనం మాటలన్నీ ఆమె గొంతులోనే ఉన్నాయని, ఆ గొంతు పోతుందని తెలిసినప్పుడు గానీ నాకు తట్టలేదు.

నాట్లప్పుడు బడి లేని రోజు నన్ను పొలానికి తీసుకుపోయి గట్టు మీద కూర్చోబెట్టేది. ఆడవాళ్లు మడిలో దిగి, వరుసగా నడుం వంచి, నారు గుచ్చుతూ వెనక్కి వెనక్కి నడిచేవాళ్లు. అత్త పాట ఎత్తుకునేది, మిగతావాళ్లు అందుకునేవాళ్లు. అందులో ఒక పద్ధతి ఉండేది. ఎత్తుకునే మనిషి సగం వాక్యమే అంటుంది. మిగతా సగం గుంపు అంటుంది. ఆ సందులో ఆమె ఊపిరి పీల్చుకుని తర్వాతి మాట వెతుక్కుంటుంది. "నీళ్ల మడిలోన నీడ సూసుకుంటి" అని అత్త అంటే, "నిన్నటికన్న నేడు సన్నగైతి" అని గుంపు. అన్నేళ్లలో అత్త ఏ పాటలోనూ రెండో సగం అన్నది లేదు. అది ఆమె వంతు కాదు.

నేను పెద్దయ్యాక అమ్మా నాయినా పుణె నుంచి వచ్చేశారు. నాయిన వనపర్తిలో మేస్త్రీగా స్థిరపడ్డాడు, నేనూ చదువుకోసం అక్కడికే చేరాను. కొన్నేళ్లకు అత్త గొంతు గీరుకుపోవడం మొదలైంది. ముందు వానలో తడిశానంది, తర్వాత మిరపకాయల ఘాటు అంది. చివరికి నాయిన బలవంతంగా పట్నం దవాఖానకు తీసుకుపోతే గొంతులో గడ్డ అని తేలింది. గొంతు పెట్టె మొత్తం తీసేస్తే మనిషి ఉంటుంది, మాట ఉండదు అన్నారు. వచ్చే వారమే రమ్మన్నారు. నాయిన ఆ మాట చెబుతూ వాకిట్లో నిలబడే చెప్పాడు, లోపలికి రాలేదు. అత్త మాత్రం నులక మంచం మీద కూర్చుని, "మాట లేకుంటే తిమ్మక్కకు పండుగే" అంది. ఎవరమూ నవ్వలేదు.

ఆ సాయంత్రమే నేను ఫోను ఆమె ముందు పెట్టి పాట పాడమన్నాను. "ఇంట్ల నాటుపాట పాడితే ఇల్లు కురుస్తది, పిచ్చిదానా" అంది. నా మొహం చూసి ఒప్పుకుంది. "నీళ్ల మడిలోన నీడ సూసుకుంటి" అని ఆగిపోయింది.

"తర్వాత?" అన్నాను.

"తర్వాతది నాది గాదు, ఆళ్లది."

"నువ్వే అనత్తా."

"ఆ ముక్క నేనెన్నడన్న అన్ననా? నోటికి రాదు."

నేను మెల్లగా, పుస్తకం చదివినట్టు, "నిన్నటికన్న నేడు సన్నగైతి" అని చెప్పాను. అత్త తల అడ్డంగా ఊపింది. "గది సదువుడు. పాట గాదు." మళ్లీ ఎత్తుకుంది, మళ్లీ అక్కడే ఆగింది. అప్పటికే గొంతులో సగం గాలే ఉంది. తర్వాత విని చూస్తే ఇంకో దెబ్బ. ఫోను తన తెలివి తను చూపించింది. మాటల కాల్స్ కోసం తయారైన యంత్రం కదా, ఆమె గొంతులోని గరగరను పనికిరాని రొద అనుకుని తుడిచేసింది. వాక్యం మొదలు వినిపిస్తుంది, చివర మాయమవుతుంది.

అప్పుడే రెండు సంగతులు తేలిపోయాయి. ఒకటి, ఫోను కాక వేరే పరికరం కావాలి. రెండోది, పాట పొలంలోనే రావాలి. చలికాలపు యాసంగి నాట్లు ఇంకా అయిపోలేదు, గుంపు పనిలోనే ఉంది. కానీ అత్త గొంతు పొద్దున వేన్నీళ్లు తాగాక కాసేపు తెరుచుకుంటుంది, ఎండ ఎక్కేసరికి మూసుకుంటుంది. పైగా డాక్టరు గట్టిగా మాట్లాడొద్దన్నాడు. పొలానికి పోదామంటే నాయిన ఒప్పుకోలేదు. "అక్కా, బురదల దిగి దగ్గు తెచ్చుకుంటే ఆపరేషన్ ఆగుతది" అన్నాడు. అత్త, "ఇంట్ల కూసుంటే ఈ గొంతు మిగుల్తదా? పోయేదే గద. పోయే ముందల ఒక్కపూట నన్ను నాటుకు పోనీయ్ తమ్మీ" అంది. నాయిన, "ఒక్క పొద్దుగాలనే. మిషిన్ మంచిది కొందాం. నీ గొంతు సాఫ్‌గ రావాలె" అన్నాడు.

కొత్తకోటలో హైవే పక్కన పెళ్లి వీడియోలు తీసే సలీం భాయ్ దుకాణం ఉంది. నాయిన ఎప్పుడో ఆయన ఇంటికి గోడ కట్టాడు. వాడిన పరికరాలు అమ్ముతాడని అక్కడికి పోయాం. ఆన్‌లైన్‌లో తెప్పించుకునే సమయం లేదు. ఆయన బల్ల మీద రెండు పెట్టాడు. ఒకటి అగ్గిపెట్టెంత డబ్బీ, దానికి వైరుతో గుండీ అంత మైకు. పెళ్లిలో పంతులు పైకండువాకు తగిలిస్తారట, మంత్రాలు తప్ప ఇంకేమీ పడదట. రెండోది అరచేతి పొడవు నల్లటిది. దాని తల మీద రెండు మైకులు, రెండు చెవుల్లా చెరో పక్కకి తిరిగి ఉన్నాయి. "ఇది ఉన్నదంత తింటది సార్. మనిషి, మోటరు, కాకి, గాలి. తర్వాత నేను కాదు గద, ఎవ్వడు విడదీయలేడు" అన్నాడు సలీం భాయ్. "కానీ ఒక్క మంచిగుణం. దీనికి చప్పుడు ఎంతనో ముందే తిప్పి పెట్టే పని లేదు. చెవుల గుసగుస చెప్పినా, పక్కన బాంబు పేలినా పగలకుండ తీస్కుంటది."

నాయిన చేయి అప్పటికే చిన్న డబ్బీ మీద ఉంది. "మాకు ఒక్క గొంతే కావాలె భాయ్. ఇదే ఇయ్యి."

ఆ డబ్బీలో అత్త సగం పాట, దాని వెనక ఖాళీ, మళ్లీ సగం పాట ఊహించుకున్నాను. అలాగని రెండోది తీసుకుంటే, రొదలో అత్త గొంతే మునిగిపోతే? ఆమెను మళ్లీ పాడమనలేం. సలీం భాయ్ నా వైపు చూశాడు. "బేటా ఏదో అంటున్నది నోట్లనే. ఏం రికార్డు చేయాలె నువ్వు?"

"నాట్లు" అన్నాను. ఆ ఒక్క మాటే వచ్చింది.

ఆయన నవ్వేశాడు. "నాట్లకా! నడుము వంచి ఎనకకు నడుస్తరు గద, కొంగుకు ఈ మైకు వెడితే రెండు అడుగులకు బురదల మునుగుతది. గాజులు తాకుతయి, చీర రాసుకుంటది." హెడ్‌ఫోన్లు నా చెవులకు పెట్టి, నల్లదాన్ని చేతికిచ్చి బయట నిలబడమన్నాడు. కళ్లు మూసుకున్నాను. ఎడమ పక్క చాయ్ గ్లాసులు కడుగుతున్నారు. కుడి పక్క ఎవరో చక్రం విప్పుతున్నారు. లారీ ఒకటి ఎడమ నుంచి కుడికి నా తలలోంచి పోయింది. దాని వెనక, దూరంగా, దుకాణం లోపల నాయిన దగ్గు. అంత రొదలోనూ అది నాయిన దగ్గేనని, ఎంత దూరంలో ఉన్నాడో కూడా తెలిసింది. లోపలికి పోయి "ఇది" అన్నాను. నాయిన నన్ను వింతగా చూశాడు. ఇంట్లో కూడా నేను ఇది కావాలని ఎన్నడూ అడగలేదు. బేరం చేయకుండా కొన్నాడు. గాలి రొద పడకుండా మైకుల మీద తొడిగే బొచ్చు టోపీ పోయిందన్నాడు సలీం భాయ్. నాయిన చలికాలం టోపీని కత్తిరించి నేనే ఒకటి కుట్టాను.

ఆ పొద్దున పొలంలో మంచు ఇంకా విడలేదు. అత్త మెడ చుట్టూ తువ్వాలు చుట్టుకుని ట్రాలీ ఆటో దిగింది. ఆమెను చూసి గుంపులో ఎవరూ ఎప్పట్లా ఎగతాళి ఆడలేదు, దారి ఇచ్చారు. అది ఆమెకు నచ్చలేదు, మొహంలో కనిపించింది. పక్క మడిలో ట్రాక్టరు దమ్ము చేస్తోంది. నాయిన పోయి బతిమాలితే డ్రైవరు ఆపాడు గానీ, "కిరాయి బండన్నా, జల్ది కానీయున్రి" అన్నాడు. నాయిన గట్టు వెంట వస్తూ ఆడవాళ్ల దగ్గర ఆగి ఏదో చెప్పాడు. నేను దూరంగా ఉన్నాను, వినపడలేదు. గట్టు మీద కూర్చుని హెడ్‌ఫోన్లు పెట్టుకున్నాను. ఎర్ర లైటు వెలిగింది. బురదలోంచి కాళ్లు తీసే చప్పుడు, నారు కట్టల నుంచి నీళ్లు కారే చప్పుడు, గాజులు.

అత్త ఎత్తుకుంది. "నీళ్ల మడిలోన నీడ సూసుకుంటి..."

ఎవరూ అందుకోలేదు. హెడ్‌ఫోన్లలో నీటి చుక్కలు తప్ప ఏమీ లేదు. అత్త నడుం వంచే ఇంకోసారి ఎత్తుకుంది. ఈసారి చివరి మాట గాలిలో చీలిపోయింది. మళ్లీ నిశ్శబ్దం. గుంపు మొత్తం తలలు దించుకుని నారు గుచ్చుతోంది. ట్రాక్టరు మీద డ్రైవరు మా వైపే చూస్తున్నాడు. మూడోసారి ఎత్తుకోబోయి అత్త దగ్గింది. ఉన్న కాస్త గొంతూ ఇలా ఖర్చవుతోంది.

అత్త నిటారుగా నిలబడి నడుం మీద బురద చెయ్యి పెట్టుకుంది. "ఏమైందే మీకు? పెదవులు కుట్టించుకొచ్చిన్రా? నేను సచ్చిననుకొని సంతాపం చేస్తున్రా? ఓ తిమ్మక్కా! నీ నోరు ఎవనికన్న కౌలుకిచ్చినవా యేంది?"

తిమ్మక్క కొంగుతో కళ్లు తుడుచుకుంటూ, "నీ తమ్ముడే అన్నడే! సప్పుడు చేయొద్దని. మా గొంతులు పడితే నీది ఖరాబైతదంట" అంది.

"ఆడు మేస్త్రీ! గోడ కట్టమంటే కడ్తడు. ఆనికి నాటేం ఎరుక?"

అవతలి గట్టు మీద నాయిన తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. నాకు అప్పుడర్థమైంది. వాళ్లంతా ప్రేమతో నోరు మూసుకున్నారు. అత్త గొంతు శుభ్రంగా మిగలాలని, తమ గొంతులు అడ్డం రాకూడదని. ఇంత తిట్టినా ఇంకా సంశయిస్తూనే ఉన్నారు, ఒకరి మొహం ఒకరు చూసుకుంటున్నారు. ట్రాక్టరు ఇంజను ఒకసారి గుర్రుమని ఆగింది. అత్త మళ్లీ వంగలేదు. నిలబడే, నా వైపు తిరిగి, వేరే పాట ఎత్తుకుంది. "గట్టు మీది పిల్ల గడ్డి కోయవోయె..."

చిన్నప్పుడు నన్ను ఏడిపించడానికి పాడే పాట అది. అందుకోవడం నాకు ఎన్నేళ్లుగానో తెలుసు, లోపల అనుకునేదాన్ని. చేతిలో ఎర్ర లైటు వెలుగుతోంది. నేను నోరు తెరిస్తే ఈ రికార్డింగు పాడవుతుంది, మైకు నా ఛాతీ దగ్గరే ఉంది. తెరవకపోతే ఆమె ఆగిపోతుంది. అత్త పెదవులు మూసుకుని నన్నే చూస్తోంది. దుకాణంలో బెల్లం అడగలేక నిలబడ్డ పిల్లను చూసినట్టే, కానీ ఈసారి నా మాట ఆమె అనడం లేదు.

"గడ్డిల దాసింది గాజుల సప్పుడు!" అన్నాను.

హెడ్‌ఫోన్లలో నా గొంతు నా మీదే విరుచుకుపడింది. రాగం ఉందో లేదో తెలియదు. ఎవరో ఫక్కున నవ్వారు. "అమ్మో, ఈ పిల్లకు నోరుందే!" అంది తిమ్మక్క. అత్త వెంటనే రెండో వాక్యం ఎత్తుకుంది, ఈసారి గుంపంతా ఒక్కసారి అందుకుంది. ఆ గొంతుల కింద అత్త ఊపిరి తీసుకుంది, నాకు వినిపించింది. నడుం వంచి నారు గుచ్చడం మొదలుపెట్టింది. పాట మీద పాట వచ్చింది. వరుస నా ముందు నుంచి మెల్లగా వెనక్కి జరుగుతుంటే ఆమె గొంతు కుడి చెవిలోంచి ఎడమకు పోయింది. ఒకచోట చీలింది, మళ్లీ అతుక్కుంది. ఆ మడి అవతలి గట్టు చేరకముందే గొంతు పూర్తిగా ఆగింది. అత్త చెయ్యి ఊపి ట్రాక్టరు వాడిని కానీయమంది. గుంపు మౌనంగా పని చేసింది, ఆమె కూడా నోరు మెదపకుండా మధ్యాహ్నం దాకా నాటేసింది.

తిరిగి వచ్చేటప్పుడు ఆటోలో నాయిన హెడ్‌ఫోన్లు పెట్టుకుని విన్నాడు. "ముందల నీ గొంతే ఉంది గదనే" అన్నాడు, ఏదో పోగొట్టుకున్నట్టు. కాసేపటికి మళ్లీ, "నీకింత గొంతున్నదా?" అన్నాడు.

ఆపరేషన్ బాగానే అయింది. అత్త ఉంది. మెడ మీద రంధ్రానికి పల్చటి గుడ్డ కట్టుకుంటుంది, అందులోంచే ఊపిరి. ఏదైనా కావాలంటే చప్పట్లు కొడుతుంది. ఊర్లో నాట్లకు ఇప్పుడు ఎక్కడి నుంచో లారీల్లో కూలీలు వస్తున్నారు. గంటల్లో మడి పూర్తి చేసి పోతారు. వాళ్ల మధ్య ఒకరి నడుముకు ఫోను వేలాడుతుంటుంది, అందులో వాళ్ల భాష పాటలు. అవీ బాగుంటాయి. కానీ ఎవరూ అందుకోవాల్సిన పని లేని పాటలు అవి. అత్త ఇల్లు మాత్రం నేను భయపడ్డంత నిశ్శబ్దంగా లేదు. పొయ్యి చిటపటలు, రొట్టె చప్పుడు ఉన్నాయి. వాటి మధ్య ఉండాల్సింది లేదని, నేను అక్కడికి పోయిన ప్రతిసారీ చెవికి తెలుస్తుంది.

చాలాకాలం ఆమె ఆ రికార్డింగు వినలేదు. వినిపించనా అంటే వద్దని చెయ్యి అడ్డం పెట్టేది. నాయిన మాత్రం దాన్ని చుట్టాలందరికీ పంపించాడు. మొన్న వానలప్పుడు నేను పోతే, తనే చెవి చూపించి రమ్మంది. హెడ్‌ఫోన్లు పెట్టి, అందరూ అందుకున్న చోటు నుంచి పాట పెట్టాను. కాసేపు విని చెయ్యి ఊపింది. కాదు. వెనక్కి అన్నట్టు వేలు తిప్పింది. మొదటి పాట పెట్టాను. తల అడ్డంగా ఊపింది. కొంచెం కొంచెం జరుపుతూ పోయాను. ఒకచోట టక్కున నా మణికట్టు పట్టుకుంది.

"పెదవులు కుట్టించుకొచ్చిన్రా?"

అత్త కళ్లు విప్పార్చి విన్నది. భుజాలు కదలడం మొదలైంది. ముందు ఏడుస్తోందనుకున్నాను, నవ్వుతోంది, చప్పుడు లేకుండా, మెడ మీది గుడ్డ ఎగిరెగిరి పడుతోంది. మళ్లీ పెట్టమంది. మళ్లీ. ఆ తర్వాత లేచి గోడ దగ్గరికి పోయి గట్టిగా చప్పట్లు కొట్టింది. తిమ్మక్క చేతులు కొంగుకు తుడుచుకుంటూ వచ్చింది. నేను హెడ్‌ఫోన్లు పీకేసి, శబ్దం బయటికి వచ్చేలా పెట్టాను. "ఓ తిమ్మక్కా! నీ నోరు ఎవనికన్న కౌలుకిచ్చినవా యేంది?" అని అత్త గొంతు వాకిలంతా వినిపించింది. తిమ్మక్క ఒక్క క్షణం నిలబడిపోయింది. అత్త పెదవులు మూసుకుని ఆమె మొహంలోకి చూస్తూ ఎదురుచూస్తోంది.

"ఇచ్చిన తియ్!" అంది తిమ్మక్క, గొంతు వణుకుతుంటే. "ఇచ్చిన, నీకేమైతదే? ఊకె అరుస్తవేంది పొద్దుగాల్నే!"